నీలమ్మ నెత్తుటిలో ఒక్క అక్షరం

నీలమ్మ ఇరవై రెండేళ్లుగా చేస్తున్న ఉద్యోగం ఈస్టుకు తిండి వండడం. రొట్టె పిండిని పొంగించే ఆ ఈస్టునే ఊరికి ఆ చివరనున్న ఒక పరిశోధన సంస్థలో పెంచి, దానిలోపల ఏం జరుగుతుందో చూస్తుంటారు. పొడులు తూచి నీళ్లలో కలిపి, బిందెంత ప్రెషర్ కుక్కరులో ఉడికించి, చల్లారేలోగా అరచేయంత ప్లాస్టిక్ ప్లేట్లలో పోస్తే అది జున్నులా గడ్డకడుతుంది. దాని మీద ఈస్టు మొలుస్తుంది. ప్లేట్లు పోశాక గాజుసామాను కడగాలి. లాల్‌దర్వాజాలోని అద్దె గది నుంచి రెండు బస్సులు మారి వెళ్తుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు చీరంతా పులిసిన వాసన. పక్క సీటులో ఆడవాళ్లు "ఇడ్లీ బండి నడుపుతవా అక్కా?" అని అడుగుతారు. ఆమె ఔననే తలూపుతుంది. అంతకన్నా వివరం చెప్పే ఓపిక ఆమెకు లేదు.

ఓపిక లేకపోవడానికి కారణం ఉంది. ఏ మాట మొదలైనా రెండో ప్రశ్న పిల్లల మీదికే వస్తుంది.

పందొమ్మిదో ఏట ఆమెను మేనమామ కొడుకు కృష్ణయ్యకిచ్చి చేశారు. కృష్ణయ్య జూపార్కులో తోటమాలి, కాపురం బహదూర్‌పురాలో. కోపం తక్కువ మనిషి, మాట అంతకన్నా తక్కువ. డ్యూటీ దిగి వస్తూ జేబు నిండా చింతకాయలు తెచ్చి ఆమె ఒళ్లో పోసేవాడు. రెండేళ్లు బాగానే గడిచాయి.

తరువాత ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడ్చిన ఏడుపే పిల్లికూన కూసినట్టు సన్నగా ఉంది. మూడో నెలకు మెడ నిలుస్తుందన్నారు, ఐదో నెలకు నిలుస్తుందన్నారు. నిలవలేదు. ఎత్తుకుంటే తడిబట్టలా చేతుల మీంచి జారిపోయేది. పాలు పడితే ముక్కులోంచి వచ్చేవి. నీలమ్మ దూది ముంచి చుక్క చుక్క పిండేది, ఒక గిన్నెడు పాలకు గంటన్నర పట్టేది. ఏడో నెలలో జ్వరం తగిలి, ఊపిరందక పిల్ల పోయింది. రెండేళ్లకు కొడుకు పుట్టాడు. వాడికీ అదే. వాడు నాలుగు నెలలే ఉన్నాడు. డాక్టర్లు నరాల బలహీనత అని చీటీలో రాశారు, అంతకుమించి వాళ్లకూ తెలియలేదు.

"దీని కడుపే మంచిగ లేదు, మొలిచిందల్లా మాడిపోతది," అంది అత్త. ఆ మాట ఇంట్లో మొదలై గల్లీకి, గల్లీ నుంచి కులానికి పాకింది. సీమంతాలకు పిలవడం మానేశారు. ఒకరోజు పొద్దున అత్త నీలమ్మ చీరలు మూటగట్టి గడప అవతల పెట్టింది. కృష్ణయ్య లోపల పీట మీద కూర్చుని చెప్పులు తుడుచుకుంటున్నాడు. తుడిచిన చెప్పునే మళ్లీ మళ్లీ తుడిచాడు గాని తల ఎత్తలేదు.

ఏడాదిలో అతను శంషాబాద్ వైపు నుంచి, చుట్టరికం లేని చంద్రమ్మ అనే ఆమెను చేసుకున్నాడు. ముగ్గురు పిల్లలు పుట్టారు. ముగ్గురూ గుండ్రాళ్లలా ఉన్నారు. దాంతో అత్త అన్నదే నిజమని అందరూ తేల్చేశారు. నీలమ్మ కూడా తేల్చుకుంది. అప్పటినుంచి ఆమె ఎవరి చంటిపిల్లనూ ఎత్తుకోలేదు. ఎవరూ వద్దనలేదు, తనే చేతులు వెనక్కి పెట్టుకునేది.

సంస్థలో పీహెచ్‌డీ చేస్తున్న అలీనాది కిషన్‌బాగ్. పాతబస్తీ పిల్ల కావడంతో వర్షమొచ్చిన రోజుల్లో నీలమ్మను తన స్కూటీ మీద ఎక్కించుకుని లాల్‌దర్వాజాలో దింపి పోయేది. దారిపొడవునా వాగుతూనే ఉండేది. ఆ పిల్ల ముందు నీలమ్మకు కాస్త నోరు లేచేది.

ఒక మధ్యాహ్నం అలీనా వెచ్చని అలమారలోంచి ప్లేట్లు తీసి బల్ల మీద పరిచింది. సగం ప్లేట్లు ఖాళీ. ఒక్క చుక్క ఈస్టు మొలవలేదు. గాజు ఫ్లాస్కులు తీసుకుపోవడానికి వచ్చిన నీలమ్మ అది చూసి గాబరా పడింది.

"మేడం, నేనే ఖరాబ్ చేసినట్టున్న. మళ్ల వండి పోస్త."

"ఫికర్ నక్కో ఆంటీ, నీ వంట మంచిగనే ఉంది. గా ఈస్టే అంత. ముప్పై డిగ్రీల పెడితే బతుకుతది, ముప్పై ఏడుల పెడితే చస్తది. నేనే దాన్ని గట్ల చేసిన."

"ఎందుకు చేసినవ్?"

అలీనా స్టూలు జరిపింది. "కూసో, చెప్త. మనదైనా దీనిదైనా ప్రతి కణం నడుమ కేంద్రకం అని ఒక అర ఉంటది. ఎట్ల పుట్టాలె, ఎట్ల పెరగాలె అన్న రాతంతా దాంట్లనే ఉంటది. ఆ రాత బయటికి రాదు. పనిబడితే ఒక ముక్కకు నకలు తీస్తది. ఆ నకలునే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అంటం. అది బయటికి పోతేనే పని అయితది."

"నకలుల తప్పు పడితే?"

"మస్తు పడ్తయ్. నడుమ పనికిరాని ముక్కలు కోసి మిగిలినయ్ అతకాలె, కొస సరిగ కత్తిరించాలె. ఏడనో తప్పుతది. తప్పిందాన్ని కేంద్రకం దాటనియ్యది. లోపల్నే పట్టుకుంటది. కొన్ని ప్రొటీన్లు దానికి ఒక చిన్న తోక తగిలిస్తయ్. తోక పడ్డదంటే ఇగ అది పారేసేదే. తొమ్మిది ముక్కలతోని చేసిన పీపా అసొంటిది ఒకటి ఉంటది, నడుమ బొక్క. దాంట్లకు దారం లెక్క గుంజి, కింద అక్షరం అక్షరం కొరికేస్తది. ఎక్సోజోమ్ అంటం. నేను ఆ తొమ్మిది ముక్కల్ల ఒకదాంట్ల ఒక్క తప్పు పెట్టిన. పీపా వదులైంది. పారేయాల్సినయ్ లోపల పోగుబడ్తున్నయ్. వేడి పెంచితే అస్సలు తట్టుకోదు."

"మంచిగున్నదాన్ని ఎందుకు చెడగొట్టుడు?"

"ఆ తప్పు నేను కల్పించింది కాదు ఆంటీ. నిజంగ పిల్లలకు ఉంటది. మస్తు తక్కువ మందికి. అమ్మ నుంచి ఒకటి, నాయిన నుంచి ఒకటి, రెండూ తప్పువి వస్తెనే జబ్బు. చిన్న మెదడు సరిగ పెరగది, వెన్నుల నరాలు ఎండిపోతయ్. మెడ నిలవది. పాలు మింగరు…"

నీలమ్మ చేతిలో ఫ్లాస్కు అట్లాగే ఉంది. ఆమె అడిగింది.

"నాలుక వణుకుతదా? లోపల పురుగు పాకినట్టు. పండుకున్నప్పుడు గూడ."

అలీనా తలెత్తి చూసింది. ఆ లక్షణం ఆమె ఇంకా చెప్పలేదు. "నీకెట్ల తెలుసు?"

"రెండుసార్లు జూసిన," అంది నీలమ్మ. ఫ్లాస్కు తీసుకుపోయి కడగడం మొదలుపెట్టింది. కడిగిందే కడుగుతుంటే అలీనా వచ్చి నల్లా కట్టేసింది.

తాను డాక్టరును కానని, తొందరపడి ఏమీ అనుకోవద్దని అలీనా పదిసార్లు చెప్పింది. తమ ప్రొఫెసరును బతిమాలి, ఒక పెద్దాసుపత్రిలో జన్యువుల జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి నీలమ్మను పంపింది. అక్కడ రక్తం తీశారు. ఆరు వారాల తరువాత పిలిచారు.

"మీ రక్తంలో ఆ జన్యువు ఒకటి మంచిది, ఒకటి తప్పుది," అంది డాక్టరమ్మ. "ఒక్క అక్షరం తేడా. పిల్లల రక్తం మన దగ్గర లేదు కాబట్టి నూటికి నూరుపాళ్లు చెప్పలేను. కానీ మీరు చెప్పిన లక్షణాలు, మేనరికం, ఈ రిపోర్టు, మూడూ ఒకవైపే చూపిస్తున్నాయి."

"నా నెత్తుటి వల్లనే పోయిన్రన్నట్టు."

"కాదమ్మా. మీ ఒక్కరిదే అయితే పిల్లలకు ఏమీ అయ్యేది కాదు. తండ్రిలో కూడా ఉండాలి. మీ ఇద్దరికీ ఒకే తాత నుంచో, అవ్వ నుంచో వచ్చి ఉంటుంది. అప్పుడు ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మీకు రెండుసార్లూ ఆ వంతే పడింది."

నీలమ్మ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంది. బరువు దిగుతుందని వెంట వచ్చిన అలీనా అనుకుంది గాని దిగలేదు. కోప్పడదామంటే అత్త చనిపోయి పదేళ్లయింది. తన కడుపు పాడుదన్న మాటను ఇరవై ఎనిమిదేళ్లు నిజమని నమ్మి, దాని చుట్టూనే బతుకును అల్లుకుంది. ఇప్పుడు కాదన్నారు. ఆ ఏళ్లను మాత్రం ఎవరూ తిరిగివ్వరు. ఎదురుగా ఒకామె చంటిదాన్ని భుజాన వేసుకుని పోతోంది. నీలమ్మ చేతులు అలవాటుగా వెనక్కి పోయాయి.

నెల తిరగకుండానే మరో మాట చెవిన పడింది. లాల్‌దర్వాజాలో ఇస్త్రీ బండి పెట్టుకున్న లక్ష్మయ్య ఆమెకు వరసకు చిన్నాయన. రెండు కుటుంబాల కబుర్లూ ఆయన బండి దగ్గరే కలుస్తాయి.

"కృష్ణయ్య పెద్దబిడ్డ సుజన పెండ్లి ఖాయమైంది," అన్నాడు ఇస్త్రీ చేస్తూనే. "వేరే సంబంధం ఎందుకని సొంత అక్క నాగమణమ్మ కొడుకుకే ఇస్తుండు. నిఖిలేష్ లేడూ, వానికి."

కృష్ణయ్య బిడ్డ, కృష్ణయ్య అక్క కొడుకు. ఒకటే తాత. నీలమ్మకు ఎవరూ లెక్క చెప్పనక్కరలేకపోయింది.

"పెండ్లికి ముందు ఇద్దరూ రక్తం ఇస్తే చాలు," అంది అలీనా. "ఇద్దర్ల ఒక్కరికి లేకున్నా భయం లేదు. ఇద్దరికీ ఉన్నా పెండ్లి చేసుకోవచ్చు, కడుపు పడ్డంక డాక్టర్ల దగ్గర ముందే పరీక్ష చేపిచ్చుకోవాలె, గంతే. కాని మేం పోయి చెప్పరాదు ఆంటీ. మీ ఇంటి ముచ్చట."

ఆదివారం పొద్దున నీలమ్మ బహదూర్‌పురా వెళ్లింది. తనను వెళ్లగొట్టిన గడప ముందు చాలాసేపు నిలబడి, చివరికి తలుపు కొట్టింది. చంద్రమ్మ తలుపు తీసి, ఎవరో గుర్తుపట్టి, పక్కకు జరిగింది. లోపల చాప మీద పెళ్లి చీరలు పరిచి ఉన్నాయి. నాగమణమ్మ వాటి మధ్య కూర్చుంది. సుజన గోడకానుకుని నిలబడింది. కృష్ణయ్య కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది.

"బావా, ఒక మాట చెప్పి పోత," అంది నీలమ్మ.

రిపోర్టు తీసి తనకు తెలిసినంతా చెప్పింది. దారిలో కూడబలుక్కున్న మాటలు సగం తడబడ్డాయి. పీపా గురించి చెప్పబోయి వదిలేసింది. "పెండ్లి ఆపుమంటలేను. ఇద్దరు పిల్లలనూ ఒక్కసారి రక్తం ఇయ్యమను. గంతే నేను అడిగేది."

నాగమణమ్మ లేచి నిలబడింది. "చీరలు పరిచిన కాడికి గొడ్రాలు రావొద్దని తెల్వదా నీకు? నీ ఇద్దరు పోయిన్రని మా ఇంట్ల గూడ సావులే కావాల్నా?"

"వదినె, నేను…"

"మా నెత్తుర్ల ఏ రోగం లేదు. నా తమ్మునికి ముగ్గురు బండలసొంటి పిల్లలు. రోగం నీదే. మా అమ్మ ఎన్నడో చెప్పింది."

నీలమ్మ కృష్ణయ్య వైపు చూసింది. ఆయన కిటికీ ఊచ పట్టుకుని బయటికి చూస్తున్నాడు. "బావా, నువ్వన్న చెప్పు. పిల్లలు ఎట్ల పోయిన్రో నువ్వు జూసినవ్ గద."

"చెప్పినవ్ గదా," అన్నాడాయన తిరగకుండానే. "ఇగ పో."

ఆమె రిపోర్టు నకలు ఒకటి చాప అంచున పెట్టి వచ్చేసింది.

ఆ కాగితాన్ని సుజన తీసి దాచుకుంది. ఆ అమ్మాయి మెడికల్ షాపులో పనిచేస్తుంది. మందుల చీటీలు చదివే అలవాటున్న మనిషి. ఎవరికీ చెప్పకుండా కాగితం మీదున్న ఆసుపత్రికి పోయి రక్తం ఇచ్చింది. ఆమెకూ ఉంది. చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు కదా అని నిఖిలేష్‌కు ఒక్కడికే చెప్పి, నువ్వు కూడా పరీక్ష చేయించుకో అంది. అతను పోయి తల్లికి చెప్పాడు. నాగమణమ్మ కొడుకుకు సూది పడనివ్వలేదు. లగ్నం తొమ్మిది రోజులుందనగా, పిల్ల నెత్తురు మంచిది కాదని చెప్పి పెళ్లి రద్దు చేసింది.

సుజన నీలమ్మ గదికి ఒక సాయంత్రం వచ్చింది. ఇద్దరూ ముఖాముఖి మాట్లాడుకోవడం అదే మొదలు. నీలమ్మ పీట వాల్చింది. సుజన కూర్చోలేదు.

"నువ్వు రాకుంటే నా పెండ్లి అయ్యేది."

"అయ్యేది."

"బావకు లేకపోతుండె గావచ్చు. ఉన్నా పిల్లలకు మంచిగనే ఉంటుండె గావచ్చు. నాలుగిట్ల ఒక వంతే అన్నరు డాక్టర్లు."

"గావచ్చు బిడ్డా."

"మరెందుకొచ్చినవ్? బస్తీల నన్ను 'ఇంకో నీలమ్మ' అంటున్నరు, తెలుసా నీకు? పాల ప్యాకెట్‌కు పోతే నన్నే చూస్తున్నరు."

నీలమ్మ తనే పీట మీద కూర్చుంది. ఈ మాటలు ఆమె ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

"రెండోవాడు పోయేటప్పుడు ఏడ్వనీకి గూడ బలం లేకుండె. కండ్లు మాత్రం నా దిక్కే ఉండె. మూడు దినాలు నా దిక్కే జూసిండు. అమ్మ ఏదన్న చేస్తది అనుకున్నడేమో. నాకేం చేయనీకి రాలే. అది నీకు వద్దనుకున్న. గంతకు మించి నాకేం తెల్వదు."

సుజన ఏడుస్తుందని నీలమ్మ అనుకుంది. ఏడవలేదు. గడప దగ్గరే నిలబడి, "పెద్దమ్మా, మంచినీళ్లియ్యి," అంది. తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వెళ్లిపోయింది.

మరో రెండు నెలలకు కృష్ణయ్య వచ్చాడు. ఆ రోజు నీలమ్మకు సెలవు. గల్లీలో స్కూలు పిల్లల ఆటోలు దాటిపోయేదాకా అవతలి గోడ దగ్గర నిలబడి, తరువాత వచ్చి తలుపు ముందు ఆగాడు. చేతిలో మడిచిన కాగితం.

"నా దాంట్ల గూడ ఉందట."

"తెలుసు," అంది నీలమ్మ.

"సుజన తోలుకపోయింది. డాక్టరమ్మ నాకు గూడ చెప్పింది, ఇద్దర్ల ఉంటెనే అని." ఆయన కాగితం మడత విప్పి, మళ్లీ మడిచాడు. "అమ్మ గట్ల అన్నప్పుడు నేను మాట్లాడకుంటి నీలా."

"అవ్. మాట్లాడలే."

క్షమించానన్న మాట కోసం ఆయన ఎదురుచూశాడు. అది ఆమె నోట రాలేదు. ఆమె అడిగింది వేరే.

"పిల్లలను ఏడ పెట్టినవో నాకు ఎన్నడూ చెప్పలే. చూపెట్టు."

ఆడవాళ్లు రాకూడదని రెండుసార్లూ మగవాళ్లే ఎత్తుకుపోయారు. ఇద్దరూ ఆటోలో మూసీ పక్కనున్న శ్మశానానికి వెళ్లారు. గేటు దగ్గర కొత్త గోడ కట్టారు. లోపల రేకుల షెడ్డు, సిమెంటు బాట. కృష్ణయ్య గోడ వెంబడి ఆ చివరికి నడిచి వెనక్కి వచ్చాడు. షెడ్డు వెనక చూశాడు. బాట మీద నిలబడి చుట్టూ తిరిగాడు.

"ఈడ్నే ఒక పెద్ద రాయి ఉండె. దానికి ఇవతల బిడ్డ, అవతల కొడుకు." మళ్లీ నడిచాడు. "కాదు, ఇంకింత అవతల ఉండె."

కాపలా మనిషిని అడిగారు. అతను వచ్చి ఆరేళ్లేనట, రాయి ఏదీ చూడలేదన్నాడు. కృష్ణయ్య గంటసేపు వెతికి, సిమెంటు బాట అంచున కూలబడి, తుండుగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నీలమ్మ ఓదార్చలేదు, తిట్టనూ లేదు. కొంత దూరంలో నిలబడి, ఆ నేలంతా ఒకసారి కళ్లతో చూసింది. ఏ కొసన ఉన్నా ఈ గోడల మధ్యే కదా అనుకుంది. తరువాత వేర్వేరు బస్సుల్లో వెళ్లారు.

అలీనా చదువు ముగించుకుని వెళ్లేముందు, ఆ పీపా వదులైతే ఒళ్లంతటిలో కొన్ని నరాలే ఎందుకు చచ్చిపోతాయో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదని నీలమ్మకు చెప్పింది. ఆ బల్ల మీద ఇప్పుడు మరొకరు అదే పని చేస్తున్నారు. నీలమ్మ వాళ్లకూ ప్లేట్లు పోస్తోంది.

సుజనకు ఇంకా పెళ్లి కాలేదు. తమ్ముణ్నీ చెల్లెల్నీ తీసుకుపోయి పరీక్ష చేయించింది; చెల్లెలికి ఉంది, తమ్ముడికి లేదు. బయటి సంబంధమైతే దాదాపు భయమే ఉండదని చెప్పినా, వచ్చేవాళ్లు గల్లీ మొదట్లోనే ఎవరో చెప్పింది విని వెనక్కి పోతున్నారు.

నిఖిలేష్‌కు వాళ్లలోనే మరో బంధువుల పిల్లతో పెళ్లయింది. పేరు వీణ. లెక్కతీస్తే నీలమ్మ, కృష్ణయ్యల తాతే ఆమెకూ ముత్తాత. ఆమెకు మూడో నెల అని లక్ష్మయ్య చెప్పినప్పుడు నీలమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు సుజనకు ఫోన్ చేసింది.

"నేను పోతె తలుపు తియ్యరు," అంది.

"నాకు గూడ తియ్యరు పెద్దమ్మా," అంది సుజన. అయినా వెళ్లింది. నాగమణమ్మ ఇంట్లో లేని వేళ చూసుకుని, గుమ్మంలోనే నిలబడి, డాక్టరమ్మ పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీని వీణ చేతిలో పెట్టింది. ఎందుకో నాలుగు మాటల్లో చెప్పింది. వీణకు ఇరవై ఏళ్లుంటాయి. భయం భయంగా వీధివైపు చూసి, చీటీని మడిచి రవికెలో దోపుకుని, తలుపు వేసుకుంది.

ఆమె ఆసుపత్రికి పోయిందో లేదో ఇద్దరికీ ఇప్పటికీ తెలియదు.